గ్లస్టర్ నుంచి సెఫ్‌కి: మా ల్యాబ్ వీఎంల డిస్కుల తరలింపు డైరీ

2025 అక్టోబరు 6, సోమవారం

మా ల్యాబ్ వీఎంల (సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు) డిస్కుల్ని గ్లస్టర్ నుంచి సెఫ్‌కి మారుస్తున్నాం. రెండూ కొన్ని సర్వర్ల డిస్కుల్ని కలిపి ఒకే స్టోరేజీగా చూపించే సాఫ్ట్‌వేర్లు. బాగానే నడుస్తున్నదాన్ని ఎందుకు కదిలించడం అని ఎవరైనా అడుగుతారు కాబట్టి కారణం ముందే రాసి పెడుతున్నాను. మేం వీఎంలని నడిపేది ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో. ఈ ఆగస్టులో వచ్చిన ప్రాక్స్‌మాక్స్ 9లో గ్లస్టర్ స్టోరేజీకి మద్దతు తీసేశారు. వాళ్ళని తప్పుపట్టలేం. దాని అడుగున వీఎంలని నిజంగా నడిపే క్యూఎము వాళ్ళు 9.2 వెర్షన్‌లోనే గ్లస్టర్ డ్రైవర్‌ని పక్కన పెట్టబోతున్నామని ప్రకటించారు. గ్లస్టర్ కంపెనీని 2011లో కొన్న రెడ్ హ్యాట్ కూడా, దాని మీద అమ్ముకున్న స్టోరేజ్ ఉత్పత్తికి 2024 డిసెంబరు 31తో మంగళం పాడేసింది. మా కాలేజీలో నడుస్తున్నది ప్రాక్స్‌మాక్స్ 8. దానికి అప్‌డేట్లు 2026 ఆగస్టు వరకే.

గ్లస్టర్‌ని ఫ్యూజ్‌తో (ఫైల్ సిస్టమ్‌ని మామూలు ప్రోగ్రాంగా నడపనిచ్చే లినక్సు సదుపాయం) మామూలు ఫోల్డర్‌లా మౌంట్ చేసుకుని 9లో కూడా నెట్టుకురావచ్చు. ఆ దారి నాకు నచ్చలేదు. చూసేవాళ్ళు తగ్గిపోతున్న సాఫ్ట్‌వేర్ మీద మూడువందల మంది పిల్లల ల్యాబ్ పనులు పెట్టి, సెమిస్టర్ మధ్యలో దేవుడికి దణ్ణం పెట్టుకునే ఓపిక లేదు.

ఇప్పుడున్నది ఇది. కాకినాడ దగ్గర మా ఇంజనీరింగ్ కాలేజీ సర్వర్ రూములో మూడు సెకండ్ హ్యాండ్ ర్యాక్ సర్వర్లు. రెండింట్లో హార్డ్ డిస్కులు, వాటిలో డేటా కాపీలు. మూడోది ఆర్బిటర్: దాంట్లో ఫైళ్ళ పేర్లు, మెటాడేటా (ఫైళ్ళ గురించిన వివరాలు) మాత్రమే ఉంటాయి, అసలు డేటా ఉండదు. ఎవరి కాపీ సరైనదో తేలనప్పుడు తీర్పు చెప్పడానికి మూడో ఓటు. ముగ్గురి మధ్యా 1 గిగాబిట్ నెట్‌వర్క్.

అక్టోబరు 8, బుధవారం

వీఎం డిస్క్ ఇమేజ్ చూడ్డానికి ఫైలే, నడవడికలో మాత్రం ఫైలు కాదు. వీడియో ఫైలుని ఒకసారి రాస్తాం, తర్వాత చదువుతూ ఉంటాం. డిస్క్ ఇమేజ్ 100 జీబీ ఫైలు, నెలల తరబడి తెరిచే ఉంటుంది, దాని నడిబొడ్డున ఎక్కడపడితే అక్కడ 4 కేబీ ముక్కలు రాస్తూ ఉంటారు. అంతకన్నా ముఖ్యం, లోపలున్న డేటాబేస్ ప్రతి లావాదేవీకీ 'ఇది నిజంగా డిస్కు మీదకి చేరిందా' అని ఫ్లష్ అడుగుతుంది. చేరిందన్న మాట అబద్ధం కాకూడదు. పంపిణీ ఫైల్ సిస్టమ్ అన్న పేరుంటే చాలదు. పెద్ద డేటా విశ్లేషణకి వాడే హెచ్‌డీఎఫ్‌ఎస్‌నే చూడండి, ఫైలు మధ్యలో ఒక్క బైటు కూడా మార్చనివ్వదు, చివర అతికించడమే. వీఎం డిస్కుకి అది పనికే రాదు.

గ్లస్టర్ మొదట్లో ఫైలుని ఫైలుగానే ఉంచేది. అదే దాని అందం. బ్రిక్ ఫోల్డర్ (ఒక్కో సర్వర్‌లో గ్లస్టర్ డేటా పెట్టే చోటు) తెరిస్తే ఇమేజ్ పూర్తిగా కనిపించేది. కానీ ఒక నోడ్ (సర్వర్) పది నిమిషాలు ఆగి తిరిగొస్తే, ఏ భాగం మారిందో తెలియక 100 జీబీ ఫైలు మొత్తం తడుముకుంటూ పోవాలి. అందుకే వీఎంల కోసం షార్డింగ్ వచ్చింది. ఫైలుని 64 ఎంబీ ముక్కలు చేసి, మొదటి ముక్కని అసలు పేరుతోను, మిగతావాటిని దాచిన ఒక ఫోల్డర్‌లోను పెడుతుంది. 100 జీబీ ఇమేజ్‌కి 1,600 ముక్కలు. మారిన ముక్కల్ని మాత్రమే సరిచేస్తే సరిపోతుంది. ఒక్క హెచ్చరిక: ఒకసారి షార్డింగ్ పెట్టాక మళ్ళీ తీయకూడదు. తీస్తే 100 జీబీ డిస్కు మొదటి 64 ఎంబీగానే కనిపిస్తుంది. షార్డింగ్ ఉన్న వాల్యూమ్‌కి కొత్త బ్రిక్‌లు కలిపి రీబ్యాలెన్స్ చేస్తే (డేటాని అన్నిటికీ మళ్ళీ పంచితే) వీఎం ఇమేజ్‌లు పాడవుతున్నాయని 3.10 కాలంలో వాళ్ళ విడుదల పత్రాల్లోనే రాసుకున్నారు. ఆ వాక్యం చదివినప్పటి నుంచీ ఈ వాల్యూమ్‌ని పెంచే సాహసం ఇక్కడ ఎవరూ చేయలేదు.

సెఫ్‌లో వీఎంలకి ఉత్త డిస్కు (బ్లాక్ డిస్కు) ఇచ్చే భాగం ఆర్‌బీడీ. దాని దారి వేరు. అక్కడ ఫైలన్న భ్రమే లేదు. డిస్కు పుట్టుకతోనే 4 ఎంబీ ఆబ్జెక్టుల వరస, 100 జీబీకి 25,600. సెఫ్‌లో సెఫ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ కూడా ఉంది, ఇమేజ్‌లని దాంట్లోనూ పెట్టొచ్చు. కానీ వీఎంకి కావలసింది బ్లాక్ డిస్కు అయినప్పుడు మధ్యలో ఫోల్డర్లు, అనుమతులు, మెటాడేటా సర్వర్ ఎందుకు? ఆర్‌బీడీకే ఓటు వేశాను.

అక్టోబరు 9, గురువారం

మా ల్యాబ్ తమ్ముడు చాలాకాలంగా వేస్తున్న ప్రశ్న ఇది: "అన్నా, మూడో సర్వర్ మీద పెట్టిన వీఎం ఎందుకు ఎప్పుడూ ఏడుస్తుంది?" ఇవాళ కాగితం మీద లెక్క వేసి చూపించాను.

గ్లస్టర్‌లో కాపీలు పంపే పని రాసేవాడిదే. వీఎం మొదటి సర్వర్ మీద ఉంటే ఒక కాపీ అక్కడే పడుతుంది, రెండోది మాత్రమే తీగ మీద వెళ్తుంది. 1 గిగాబిట్ అంటే సెకనుకి సుమారు 110 ఎంబీ, అది మొత్తం ఆ ఒక్క కాపీకే. వీఎం మూడోదాని మీద ఉంటే అక్కడ డేటా లేదు కాబట్టి రెండు కాపీలూ అదే తీగ మీద వెళ్ళాలి. సగానికి సగం, 55 ఎంబీ. అదే ఏడుపు.

సెఫ్‌లో ఒక్కో డిస్కుని చూసుకునే ప్రోగ్రాంని ఓఎస్‌డీ అంటారు. రాసేవాడు ప్రైమరీ ఓఎస్‌డీకి ఒక్కసారే పంపుతాడు. మిగతా రెండు కాపీలూ పంపడం ప్రైమరీ బాధ్యత. ముగ్గురూ రాశామన్నాకే వీఎంకి సమాధానం. రాసేవాడి తీగ మీద భారం తగ్గుతుంది, కానీ ప్రయాణం ఒకదాని వెనక ఒకటిగా రెండు అంచెలు అవుతుంది. చిన్న రాతల్లో ఆ తేడా తెలుస్తుంది. ఒక్కో ఫ్లష్‌కి 1 మిల్లీసెకను పడితే, ఒకే వరసలో రాసే డేటాబేస్‌కి సెకనుకి 1,000 రాతలకి మించి రావు, డిస్కు ఎంత గొప్పదైనా సరే.

అక్టోబరు 14, మంగళవారం

డిస్కులు వచ్చాయి. సర్వర్‌కి నాలుగు చొప్పున 960 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీలు, అన్నీ కరెంటు పోయినప్పుడు కాపాడే కెపాసిటర్లు ఉన్నవి. కొనుగోలు కమిటీలో దీని మీద పెద్ద చర్చే జరిగింది. ల్యాప్‌టాప్‌లో వేసే ఎస్‌ఎస్‌డీ సగం ధరకే వస్తుంది కదా అన్నారు. వస్తుంది. కానీ కెపాసిటర్ లేని డిస్కు ఫ్లష్ అడిగిన ప్రతిసారీ నిజంగానే ఫ్లాష్ చిప్పుల దాకా రాసి రావాలి. కెపాసిటర్ ఉన్నది తన ర్యామ్‌లోకి తీసుకుని 'అయింది' అనగలదు, కరెంటు పోయినా ఆ మాట నిలబెట్టుకునే శక్తి దాని దగ్గరుంది కాబట్టి. సెఫ్ ప్రతి రాతనీ ఫ్లష్ చేసేదే. పోలిక కోసం ఒక మామూలు ఎస్‌ఎస్‌డీని కూడా పెట్టి ఒకే వరసలో 4 కేబీ ఫ్లష్ రాతలు కొట్టించాం. మామూలుది వందల్లో ఆగిపోయింది, కొత్తవి వేలల్లో పరిగెత్తాయి. ఆ తెర ఫొటోని కమిటీ గ్రూపులో పెట్టాను. ఎవరూ మాట్లాడలేదు.

అక్టోబరు 17, శుక్రవారం

10 గిగాబిట్ స్విచ్‌కి డబ్బుల్లేవు. ఉన్నవి మూడు నోడ్‌లే కాబట్టి స్విచ్ అవసరమూ లేదు. ఒక్కో సర్వర్‌లో రెండు పోర్టుల కార్డు, ఒక్కో పోర్టు నుంచి ఒక్కో పొరుగు సర్వర్‌కి నేరుగా రాగి కేబుల్. త్రిభుజం. మూడు కేబుళ్ళు, మూడు సెకండ్ హ్యాండ్ కార్డులు, అంతే. పైన ఓపెన్‌ఫ్యాబ్రిక్ రూటింగ్ పెట్టాం, ఒక కేబుల్ పీకేసినా రాకపోకలు మూడోదాని మీదుగా చుట్టు తిరిగి వెళ్తాయి. పీకి చూశాం, వెళ్ళాయి. ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు) 9000. నాలుగో సర్వర్ కొన్న రోజున ఈ త్రిభుజం పనికిరాదు, స్విచ్ కొనాల్సిందే. ఆ రోజు వచ్చినప్పుడు చూద్దాం.

గడియారాలు సరిచూసుకోండి. సెఫ్ మానిటర్ల (క్లస్టర్ స్థితిని చూసుకుంటూ ఓటు వేసే ప్రోగ్రాంలు) మధ్య తేడా 0.05 సెకను దాటితే హెచ్చరిక వస్తుంది. మాకు వచ్చింది కూడా. గడియారం సరిచేసే క్రోనీ ప్రోగ్రాంకి మూడు సర్వర్లలోనూ ఒకే టైం సర్వర్ చూపించాక పోయింది.

అక్టోబరు 22, బుధవారం

దీపావళి సెలవు అయ్యాక మొదటి పని హెచ్‌ఓడీ గారికి లెక్క అప్పజెప్పడం.

"ఏంటయ్యా, పదకొండున్నర టీబీ కొన్నాం అన్నావు. ఇప్పుడు 2.4 అంటున్నావు. మిగతాది ఎవరు తిన్నారు?"

నిజమే మరి, వినడానికి అలాగే ఉంటుంది. పన్నెండు డిస్కులు కలిపి 11.52 టీబీ. ప్రతి బైటూ మూడు కాపీలు, అంటే 3.84. ఇక్కడిదాకా అందరూ ఒప్పుకుంటారు. ఆ తర్వాతదే ఎవరూ లెక్కలో వేసుకోరు. కాపీలు ఒక్కో సర్వర్‌లో ఒక్కటి ఉండాలన్నది నియమం. ఒక సర్వర్‌లో ఒక డిస్కు చచ్చిపోతే, దాని డేటాని పక్క సర్వర్లు తీసుకోలేవు, వాటి దగ్గర ఆ కాపీలు ఇప్పటికే ఉన్నాయి కాబట్టి. ఆ సర్వర్‌లోనే మిగిలిన మూడు డిస్కులు మోయాలి. సెఫ్ 85 శాతం నిండగానే హెచ్చరిస్తుంది, 95 దగ్గర రాతలు ఆపేస్తుంది. మూడు డిస్కులు 85 దాటకుండా నాలుగోదాని భారం మోయాలంటే, మామూలు రోజున నాలుగూ 64 శాతం లోపే ఉండాలి. 3.84లో 64 శాతం సుమారు 2.4.

"అన్నా, మూడు కాపీలకి బదులు రెండు పెడితే?" అని తమ్ముడు. ఇది అందరికీ వచ్చే ఆలోచనే. రెండు కాపీలు, ఒక్కటి బతికున్నా రాతలు సాగనీ అని పెట్టామనుకుందాం. ప్యాచ్‌ల కోసం ఒక సర్వర్ ఆపాం. ఆ గంటసేపు, దాంట్లో కాపీ ఉన్న డేటాకి వచ్చిన కొత్త రాతలు మిగిలిన ఒక్క కాపీ మీదే పడ్డాయి. సరిగ్గా అప్పుడే ఆ కాపీలున్న ఒక డిస్కు పోయింది. ఆపిన సర్వర్ లేచినా దాని దగ్గరున్నది గంట కిందటి కాపీయే, సెఫ్ ఆ డేటాని ఆపేస్తుంది, పోయిన డిస్కుని వదులుకుని బలవంతంగా పాత కాపీతో సాగిస్తే అంతే సంగతులు. డేటాబేస్‌లో సగం టేబుళ్ళు ఇప్పటివి, సగం అప్పటివి. అందుకే సెఫ్ తనంతట తానే పెట్టే విలువలు మూడు కాపీలు, కనీసం రెండు. వాటిని ముట్టుకోలేదు.

హెచ్‌ఓడీ గారు కాగితం ఫైల్లో పెట్టుకుని, "ఆడిటర్ అడిగితే నువ్వే వచ్చి చెప్పాలి" అన్నారు.

అక్టోబరు 25, శనివారం

ఈ ప్రాజెక్టులో నేను ఎదురుచూసింది ఈ రోజు కోసమే. పిల్లలు లేరు, వీఎంల కాపీలు బయట భద్రంగా ఉన్నాయి, పాత గ్లస్టర్ మీద కొన్ని పరీక్ష వీఎంలు, కొత్త సెఫ్ మీద అవే. ఇక ప్లగ్గులు పీకడమే.

మొదట గ్లస్టర్. డేటా ఉన్న రెండో సర్వర్ వైరు లాగాం. అన్ని వీఎంలూ బిగుసుకుపోయాయి. గ్లస్టర్ క్లయింటు, అవతలివాడు పోయాడని ఒప్పుకోవడానికి 42 సెకన్లు చూస్తుంది. అది వాళ్ళు పెట్టిన విలువే. వర్టియో (వీఎంల కోసమే చేసిన పద్ధతి) డిస్కులున్న వీఎంలు ఓపిగ్గా ఆగాయి, టైం అయ్యాక ఏమీ జరగనట్టు సాగాయి. పాతరకం సాటా డిస్కుగా పెట్టిన ఒక వీఎం అలా కాదు. దాని లోపలి లినక్సుకి 30 సెకన్ల గడువే ఉంది, 42 కన్నా ముందే దాని లాగ్ నిండా ఎర్రర్లు.

తర్వాత ఆర్బిటర్ వైరు కూడా లాగాం. మూడింట్లో ఒక్కటే మిగిలింది, కోరం (సగానికి మించిన ఓట్లు) లేదు. గ్లస్టర్ రాతల్ని తిరస్కరించింది. తప్పేం కాదు, ఒంటరిగా రాస్తే స్ప్లిట్ బ్రెయిన్ రావచ్చు, అంటే కాపీలు వేర్వేరుగా మారిపోయి ఏది సరైనదో తేలదు. కానీ తిరస్కారం అంటే వీఎం లోపలికి ఐఓ ఎర్రర్ (డిస్కు మీద రాయడం విఫలమైందన్న మాట) వెళ్తుంది. వీఎంలోని ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ జర్నల్ (మార్పుల చిట్టా) ఆగిపోయి, అది చదవడానికి మాత్రమే అన్న స్థితికి పడిపోయింది. రెండు సర్వర్లూ తిరిగి లేచినా వీఎంలు లేవలేదు. ఒక్కోదాన్నీ రీబూట్ చేసి ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్ సిస్టమ్ తనిఖీ) చేయాల్సి వచ్చింది. ఇవి కొన్ని పరీక్ష వీఎంలు కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు సెఫ్. ఒక వైరు లాగితే సుమారు 20 సెకన్ల నిశ్శబ్దం. ఓఎస్‌డీల మధ్య గుండెచప్పుడు ఆగిందని నిర్ధారించుకోవడానికి పెట్టిన గడువు అంతే. తర్వాత రెండు కాపీలతో పని సాగింది. సర్వర్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేస్తే ఆ 20 కూడా ఉండదు, వెళ్తూ వెళ్తూ చెప్పిపోతుంది.

రెండో వైరు. అంతా ఆగిపోయింది. ఒక్క రాత లేదు, ఒక్క ఎర్రర్ లేదు. వీఎం తెరలో కర్సర్ కూడా కదల్లేదు. "పోయిందన్నా," అన్నాడు తమ్ముడు. టీ తాగొద్దాం రా అని బయటికి తీసుకెళ్ళాను. వచ్చి ఒక సర్వర్‌కి వైరు పెట్టాం. అది బూట్ అయింది, మానిటర్లు రెండయ్యాయి, కోరం వచ్చింది, కాసేపటికి వీఎంలో ఆగిన కాపీ కమాండ్ మిగతా ఫైళ్ళని కాపీ చేసుకుంటూ పోయింది. కెర్నెల్ లాగ్‌లో 120 సెకన్లకు పైగా ఒక ప్రాసెస్ ఇరుక్కుందన్న ఫిర్యాదు తప్ప ఇంకేం లేదు. రీబూట్ లేదు, ఎఫ్‌ఎస్‌సీకే లేదు.

రెండూ డేటాని కాపాడాయి. ఆ విషయంలో గ్లస్టర్‌కి అన్యాయం చేయను. తేడా ఏంటంటే ఇబ్బంది వచ్చినప్పుడు ఒకటి 'కుదరదు' అంటుంది, ఇంకోటి మాట్లాడకుండా ఆగుతుంది. మామూలు ఫైళ్ళకి మొదటి పద్ధతే మంచిది, ప్రోగ్రాం ఎర్రర్ చూసి ఏదో ఒకటి చేసుకుంటుంది. వీఎం డిస్కుకి మాత్రం ఆగడమే కావాలి. లోపలున్న ఆపరేటింగ్ సిస్టమ్‌కి డిస్కు ఎర్రర్ అంటే డిస్కు చచ్చినట్టే. అంకెలన్నీ పక్కన పెట్టినా ఈ ఒక్క కారణానికే నేను సెఫ్ వైపు వెళ్ళేవాణ్ణి. హార్డ్ డిస్కుల మీది గ్లస్టర్‌ని ఎస్‌ఎస్‌డీల మీది సెఫ్‌తో వేగంలో పోల్చడం ఎలాగూ న్యాయం కాదు.

ఒక షరతు ఉంది. ప్రాక్స్‌మాక్స్ హెచ్‌ఏ (ఒక సర్వర్ పోతే దాని వీఎంలని ఇంకోదాని మీద లేపే ఏర్పాటు) పెట్టుకుంటే, క్లస్టర్ కోరం పోయిన నోడ్ సుమారు 60 సెకన్లకి తనని తానే రీబూట్ చేసుకుంటుంది. అప్పుడు ఈ ఓపికంతా వృథా. ల్యాబ్ వీఎంలకి హెచ్‌ఏ పెట్టలేదు.

అక్టోబరు 27, సోమవారం

మోంథా తుఫాను మా వైపే వస్తోందంటున్నారు. కాలేజీకి సెలవులు. కరెంటు ఎప్పుడు పోతుందో, జనరేటర్‌కి డీజిల్ ఎంతసేపు వస్తుందో తెలీదు కాబట్టి అన్నీ మనమే ఆపేద్దామని మధ్యాహ్నం కూర్చున్నాం. వరస: ముందు వీఎంలు. తర్వాత సెఫ్‌కి నోఅవుట్, నోరికవర్, నోరీబ్యాలెన్స్, నోబ్యాక్‌ఫిల్ జెండాలు. అవి లేకపోతే ఆగిన ఓఎస్‌డీని 600 సెకన్ల తర్వాత బయటికి నెట్టేసి, డేటా ఎక్కడ సర్దాలా అని వెతుకుతుంది. ఆ తర్వాత సర్వర్లు ఒక్కొక్కటిగా. చివరికి యూపీఎస్‌లు, గోడ ప్లగ్గులు.

అక్టోబరు 31, శుక్రవారం

28 రాత్రి తీరం దాటింది. సర్వర్ రూం కిటికీ కింద కొంచెం నీళ్ళు, అంతకుమించి ఏమీ కాలేదు. సర్వర్లు లేపి, మానిటర్లు మూడూ కలిశాయని చూసుకుని, జెండాలు దించాం. పచ్చగా వచ్చింది.

నవంబరు 4, మంగళవారం

అసలు తరలింపు మొదలైంది. ప్రాక్స్‌మాక్స్‌లో వీఎం నడుస్తుండగానే డిస్కు కదిలించొచ్చు. వెనకాల క్యూఎము ఇటు కాపీ చేస్తూనే కొత్త రాతల్ని అటూ ఇటూ రాసి, రెండూ సమానమయ్యాక మారిపోతుంది. పాతవన్నీ క్యూకౌ2 (క్యూఎము సొంత డిస్క్ ఫార్మాట్), ఆర్‌బీడీ మీద రా (పైన ఏ పొరా లేని) ఫార్మాట్ అవుతాయి. క్యూకౌ2లో కొత్త చోట రాసిన ప్రతిసారీ తన పట్టికలూ మార్చుకోవాలి. ఆర్‌బీడీకి పలచగా కేటాయించడం (రాసినంతకే జాగా), స్నాప్‌షాట్లు (ఒక క్షణం నాటి స్థితి), క్లోన్లు (నకళ్ళు) సొంతంగా ఉన్నాయి, మళ్ళీ పైన ఇంకో పొర ఎందుకు?

రాసుకోదగ్గవి రెండు. క్యూకౌ2 లోపలి స్నాప్‌షాట్లు కొత్తచోటికి రావు, ఇప్పటి స్థితి మాత్రమే వస్తుంది. ఫ్యాకల్టీలో ఒకరికి రెండేళ్ళ కిందటి స్నాప్‌షాట్ 'సెంటిమెంట్' అట, దాన్ని విడిగా ఒక వీఎంగా తీసిచ్చాం. రెండోది, నడుస్తుండగా కదిలిస్తే ఖాళీ జాగా కూడా సున్నాలతో నిండి వస్తుంది. 20 జీబీ వాడుతున్న 100 జీబీ డిస్కు సెఫ్‌లో 100 తింటోంది, మూడు కాపీలతో 300. అందుకే డిస్కుకి డిస్కార్డ్ (ఖాళీ జాగా తిరిగిచ్చేయడం) టిక్ పెట్టి, వీఎంని ఒకసారి పూర్తిగా ఆపి లేపి, లోపల ఎఫ్‌ఎస్‌ట్రిమ్ (వాడని జాగా ఏదో డిస్కుకి చెప్పే కమాండ్) నడపాలి. నడిపాక అంకె పడిపోతుంటే చూడ్డానికి భలే ఉంటుంది.

క్యాష్ సంగతి: గ్లస్టర్ మీద 'నన్' (హోస్ట్ క్యాష్ వద్దు) తప్ప ఇంకోటి పెట్టేవాణ్ణి కాదు. ఆర్‌బీడీ మీద రైట్‌బ్యాక్ (ముందు క్యాష్‌లో, తర్వాత డిస్కులో రాయడం) పెట్టాను. ఇది హోస్ట్ పేజీ క్యాష్ కాదు, ఆర్‌బీడీ లైబ్రరీ సొంత 32 ఎంబీ క్యాష్. వీఎం నుంచి మొదటి ఫ్లష్ వచ్చేదాకా అది రైట్‌త్రూగానే (ప్రతి రాతా డిస్కుకి చేరాకే 'అయింది' అంటూ) ఉంటుంది, అంటే ఫ్లష్ పంపడం తెలియని పాత వీఎంలకి కూడా ప్రమాదం లేదు.

నవంబరు 10, సోమవారం

ల్యాబ్ పరీక్షల కోసం 60 క్లోన్లు. టెంప్లేట్ (వాటికి మూలమైన వీఎం) 32 జీబీ, క్లోన్లు చేయడం చిటికెలో పని, కొత్తగా జాగా కూడా తినలేదు. అన్నీ ఒకేసారి లేపితే మాత్రం క్లస్టర్ ముక్కింది. క్లోన్ ఒక ఆబ్జెక్టులో మొదటిసారి 4 కేబీ రాయాలన్నా, టెంప్లేట్ నుంచి ఆ 4 ఎంబీ ఆబ్జెక్టు తెచ్చి తన సొంతం చేసుకోవాలి, అదీ మూడు కాపీలు. బూట్‌లో చిన్న లాగ్ రాతలు ఎన్నుంటాయో లెక్కేసుకోండి. పరీక్షకి ముందురోజు సాయంత్రమే విడతలుగా లేపి ఉంచాం, పొద్దున పిల్లలకి ఏమీ తెలియలేదు.

క్లోన్లలో ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేశాను. లేకపోతే 60 వీఎంలూ ఒకే ప్యాకేజీని దించుకుని 60 చోట్ల విడివిడిగా దాచుకుంటాయి. సెఫ్ పూల్‌లో ఒకేలా ఉన్న డేటాని కలిపేసే పద్ధతి మేం వాడటం లేదు. అప్‌డేట్ టెంప్లేట్‌కే.

నవంబరు 15, శనివారం

మిగిలింది విండోస్ వీఎం ఒకటి, డిజైన్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ సర్వర్. దానిది సాటా డిస్కు. నేరుగా వర్టియో స్కజీకి మార్చితే నీలి తెర, బూట్ సమయానికి డ్రైవర్ ఉండదు కాబట్టి. దారి ఇది: ముందు 1 జీబీ ఉత్తుత్తి డిస్కుని వర్టియో స్కజీగా తగిలించి బూట్ చేసి, లోపల డ్రైవర్ ఎక్కించాలి. విండోస్ ఆ డిస్కుని గుర్తుపట్టాక ఆపి, అసలు డిస్కుని కూడా అటు మార్చి, బూట్ వరస సరిచేసి, ఉత్తుత్తిది తీసేయాలి. లేచింది. లైసెన్స్ పోతుందేమోనని మెకానికల్ వాళ్ళు ఫోను పట్టుకుని కూర్చున్నారు. నెట్‌వర్క్ కార్డు చిరునామా మార్చలేదు కాబట్టి పోలేదు.

నవంబరు 19, బుధవారం

గ్లస్టర్ మీద ఇప్పుడు వీఎంలు లేవు, ఐఎస్‌ఓ ఫైళ్ళు (ఇన్‌స్టాల్ డిస్కుల ఇమేజ్‌లు) మాత్రమే. ఓఎస్‌డీకి 4 జీబీ చొప్పున సర్వర్‌కి 16 జీబీ ర్యామ్ సెఫ్‌కి పోతోంది, గ్లస్టర్ ఆగితే కొంత తిరిగొస్తుంది. బ్యాకప్‌లు వేరే భవనంలోని డబ్బాకి రాత్రిపూట వెళ్తున్నాయి, అది సెఫ్‌తో సంబంధం లేని మామూలు డిస్కులది, అలాగే ఉంటుంది. సెమిస్టర్ పరీక్షలయ్యాక వాల్యూమ్ ఆపి, హార్డ్ డిస్కులు తీసి, నోడ్‌కో రోజు చొప్పున ప్రాక్స్‌మాక్స్ 9. పాత హార్డ్ డిస్కులు నెట్‌వర్కింగ్ ల్యాబ్ వాళ్ళు అడుగుతున్నారు. స్టాక్ రిజిస్టర్‌లో సంతకం పెడితే ఇచ్చేస్తాను.